నాయకుని యింట ఎదిగిన కూతురు



నేడు నేను మనవి చేయబోవు విషయము వినుటకు చిన్నది, అనుభవించువారికి పెద్దది. ప్రజలను నడపు తండ్రికిని, ఎదిగి తన బుద్ధితో తాను నడువగోరు కుమార్తెకును నడుమ పుట్టు పెనగులాటయే ఆ విషయము. నాటకములలోను, టెలివిజను హాస్య కథలలోను దీనిని చూచి నవ్వుదుము. వార్తాపత్రికలో చదివి రచ్చబండపై చర్చింతుము. మన యింట జరిగినపుడు మాత్రము తలుపు మూసికొందుము. ఈ మూడుచోట్లను పడిన ముడి ఒక్కటియే. చేవెళ్ల, మొయినాబాదు పల్లెలలో 35 ఏండ్లు పాఠములు చెప్పి, ఇపుడు విశ్రాంతిలో నున్న నాకు ఆ ముడిని గూర్చి తోచినంత చెప్పెదను.

ముందుగా నవ్వు సంగతి. 1957లో వెలువడిన మాయాబజారు చిత్రమును చూడని తెలుగు పెద్దలు అరుదు. అందు బలరాముడు ద్వారకకు పెద్ద. తన కూతురు శశిరేఖను చెల్లెలి కొడుకు అభిమన్యునకు ఇచ్చు తలంపు ఇంటిలో నుండగా, పాండవుల రోజులు మారినవి. కౌరవుల మర్యాదలకు బలరాముడు కరిగి, దుర్యోధనుని కొడుకు లక్ష్మణకుమారునకు కూతురినిత్తునని మాట ఇచ్చెను. శశిరేఖ ఒల్లనన్నది. పైకి అది పెండ్లి కథ. లోన చూచినచో పొత్తుల కథ, అనగా రాజకీయ కథ. వ్యాసభారతమున ఈ కథ లేదు. జనులు తమ ముచ్చటకై కల్పించుకొని పెంచుకొన్నది. తండ్రికి ఎదురు నిలిచిన కూతురిని చూచి మనము ఎట్లు నవ్వగలుగుచున్నాము? కృష్ణుడు నడిపించుననియు, ఘటోత్కచుడు వచ్చి మాయ చేయుననియు ముందే ఎరుగుదుము గనుక. చివరకు అందరును ఒకే పందిరి క్రిందికి వత్తురను నమ్మకమే మన నవ్వు.

పరదేశములందును ఇట్టి హాస్యము కలదు. అమెరికాలో 2012 మొదలు 2019 వరకు నడచిన వీప్ అను టెలివిజను హాస్య ధారావాహికలో సెలీనా మేయరు అను ఉపాధ్యక్షురాలికి కాథరిన్ అను ఎదిగిన కూతురు కలదు. అక్కడ తండ్రికి మారుగా తల్లి నాయకురాలు. తక్కిన దంతయు ఒకటియే. తల్లికి కూతురు జ్ఞాపకము వచ్చునది తరచుగా ఓటర్ల యెదుట చక్కని కుటుంబముగా కనబడవలసి వచ్చినపుడు. కూతురు ఏదైన నొవ్వుమాట చెప్పబోవునంతలో ఎవరో సహాయకుడు కాగితముతో లోనికి వచ్చును. ప్రేక్షకులు నవ్వుదురు. కాని ఆ నవ్వు మాయాబజారు నవ్వు వంటిది కాదు. దానిలో చేదు కలదు. అక్కడ ఘటోత్కచుడు లేడు.

మన జీవితములందును లేడు. అందుచేతనే ఈ విషయమును ఆలోచింపవలసి వచ్చుచున్నది.

రాజకీయమునకును చుట్టరికమునకును గల ముడిని చూచుటకు మన చేవెళ్ల కన్న మంచి చోటు లేదు. 2003 ఏప్రిల్ 9వ తేదీన డాక్టరు వై. యస్. రాజశేఖరరెడ్డిగారు తమ పాదయాత్రను ఇక్కడనే ఆరంభించి, మండుటెండలలో ఇచ్ఛాపురము వరకు నడచిరి. ఇక్కడి శాసనసభ్యురాలు శ్రీమతి సబితా ఇంద్రారెడ్డిగారిని ఆయన 'చేవెళ్ల చెల్లెమ్మ' అని పిలువగా, ఆ పేరే నిలిచిపోయినది. చెల్లెమ్మ, అన్న, అమ్మ, బిడ్డ అను మాటలు మన రాజకీయములలో ఓట్లను తెచ్చు మాటలు. ఊరివారినందరిని బిడ్డలుగా పిలుచు నాయకుడు తన కడుపున పుట్టిన బిడ్డతో ఎట్లు మాటలాడవలెనన్నదియే కష్టమైన ప్రశ్న.

రాజశేఖరరెడ్డిగారు 2009 సెప్టెంబరు 2వ తేదీన హెలికాప్టరు ప్రమాదమున మరణించిరి. ఆయన కుమార్తె శ్రీమతి షర్మిలగారు 2021 జూలై 8వ తేదీన, తండ్రి జయంతినాడు, తండ్రి పేరుతోనే తెలంగాణములో ఒక పార్టీని స్థాపించి, అదే సంవత్సరము అక్టోబరు 20వ తేదీన ఈ చేవెళ్లనుండియే పాదయాత్ర మొదలిడిరి. అపుడు ఆంధ్రప్రదేశమున ఆమె సోదరులు ముఖ్యమంత్రి. 2024 జనవరిలో ఆమె తమ పార్టీని కాంగ్రెసులో కలిపి, సోదరులకు ఎదుటి పక్షమున నిలిచిరి. ఇరువురును తండ్రి చిత్రపటమునకే దండ వేయుచు ఎదురెదురుగా నడచిరి. తండ్రి లేని యింట కూతురు తండ్రి పేరును అడిగినది. కొడుకు నదివరకే ఆ పేరుతో నడచుచుండెను. పొలమును గట్టు వేసి పంచవచ్చును. పేరుకు గట్టు వేయుట ఎట్లు?

ఇక తండ్రి ఉండగానే జరిగినది చూడుడు. శ్రీ కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు 2001 ఏప్రిల్ 27వ తేదీన తెలంగాణ రాష్ట్ర సమితిని స్థాపించి, 2014 నుండి 2023 వరకు ముఖ్యమంత్రిగా నుండిరి. ఆయన కుమార్తె శ్రీమతి కవితగారు ఉద్యమకాలమున తెలంగాణ జాగృతి సంస్థను నడపి, బతుకమ్మను వీధివీధికి తెచ్చి, 2014లో నిజామాబాదు నుండి లోకసభకు ఎన్నికయిరి. అటు తరువాత శాసనమండలి సభ్యురాలయిరి. 2025 ఏప్రిల్ 27వ తేదీన ఎల్కతుర్తిలో పార్టీ రజతోత్సవ సభ జరిగినది. ఆ సభలో తండ్రిగారి ప్రసంగమును గూర్చి మెచ్చుకొనవలసినదానిని, లోపమని తోచినదానిని వేరువేరుగా వ్రాసి ఆమె ఒక ఉత్తరము పంపిరి. మే నెలలో ఆ ఉత్తరము బయటపడినది. విదేశమునుండి తిరిగి వచ్చిన ఆమె విమానాశ్రయమున దిగగానే, వ్రాసినది తానేయని ఒప్పుకొని, తండ్రికి వ్రాసిన ఉత్తరము బయటికెట్లు పోయినదని అడిగిరి. తండ్రి దేవుడనియు, చుట్టు చేరినవారు దయ్యములనియు అనిరి. సెప్టెంబరు 1న పార్టీలోని ముఖ్యులపై, వారిలో దగ్గరి బంధువులపై, ఆమె బహిరంగముగా ఆరోపణలు చేసిరి. 2వ తేదీన పార్టీ ఆమెను సస్పెండు చేసినది. 3వ తేదీన ఆమె పార్టీకిని మండలి సభ్యత్వమునకును రాజీనామా ప్రకటించిరి. అక్టోబరు 25న నిజామాబాదునుండి ఆమె తలపెట్టిన జనంబాట యాత్రకు వేసిన ప్రకటన పత్రముపై తండ్రి బొమ్మ లేదు.

ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని తీర్పు చెప్పుట నా పని కాదు. ఆ ఆరోపణల నిజానిజములు నాకు సంబంధించినవి కావు. పార్టీకి కట్టుబాటు ఉండవలెను. దానిని దాటినవారు నాయకుని కుమార్తెయైనను విడువరాదనువారి వాదమును త్రోసివేయలేము. తన మాట వినబడు చోటు ఇంటిలో లేనపుడు ఆమె వీధిలోగాక మరెక్కడ చెప్పుననువారి వాదమును త్రోసివేయలేము. నా దృష్టి నిలిచినది ఆ ఉత్తరము మీద. తండ్రితో చెప్పవలసిన మాట ఉత్తరముగా మారినది. ఉత్తరము కాగితముగా మారి చేతులు మారినది. కూతురు పలికిన మాట ఇంటి గోడల నడుమ నుండిన అది సలహా. అదే మాట బయటపడగానే తిరుగుబాటు. మాట మారలేదు, వాకిలి మారినది.

ఈ చిక్కు కొత్తది కాదని మన పురాణములే చెప్పుచున్నవి. ఆదిపర్వమున వృషపర్వుడను దానవరాజు కలడు. చచ్చిన దానవులను బ్రతికించు విద్య ఎరిగిన శుక్రాచార్యులే ఆయన రాజ్యమునకు ఆధారము. రాజు కూతురు శర్మిష్ఠ, గురువు కూతురు దేవయాని స్నానమునకు పోయిరి. చీరలు తారుమారయి మాటామాటా పెరిగి, శర్మిష్ఠ దేవయానిని బావిలో త్రోసినది. శుక్రుడు రాజ్యము విడిచి పోదుననగానే వృషపర్వుడు గడగడలాడి, దేవయాని కోరినట్లు కూతురిని ఆమెకు దాసిగా ఒప్పగించెను. శర్మిష్ఠ తప్పు చేయకపోలేదు. శిక్ష పడవలసినదే. అయితే ఆ శిక్ష వేసినది తండ్రియా, రాజా? పదవి పోవునని భయపడిన రాజు వేసెను; తండ్రి ఆనాడు ఆ సభలో లేడు. విచిత్రమేమనగా, తన వారి మేలుకొరకు ఆ దాస్యమునకు సమ్మతించి నిలిచినది ఆ కూతురే.

అరణ్యపర్వమున మరియొక తండ్రి కలడు. మద్రదేశపు రాజు అశ్వపతి. సావిత్రి అనగానే మనకు యముని వెంట నడచిన పతివ్రత స్ఫురించును. అంతకు ముందు ఆమె తండ్రి మాటను కాదన్న కూతురు. వరుని నీవే వెదకుకొమ్మని తండ్రియే ఆమెను రథమెక్కించి పంపెను. ఆమె రాజ్యము పోగొట్టుకొని అడవిలోనున్న గ్రుడ్డిరాజు కొడుకు సత్యవంతుని ఎన్నుకొని వచ్చెను. అతనికి ఒక్క యేడే ఆయువని నారదుడు చెప్పగా, తండ్రి కలతపడి, వేరొకరిని చూచుకొమ్మనెను. ఆమె మనసు మార్చుకొననన్నది. అపుడు అశ్వపతి చేసినదేమి? తానే కూతురిని వెంటబెట్టుకొని అడవికి పోయి పెండ్లి చేసెను. మూడు సంగతులు గమనింపుడు. కూతురు బయటికి పోయి లోకమును చూచుటకు ఆయన అడ్డుపడలేదు. తన అభ్యంతరమును ఆమె ముఖము మీదనే చెప్పెను, ఇతరుల చేత చెప్పింపలేదు. తన మాట చెల్లనపుడు ఆమె వెంట నడచెను. రాజ్యమునకు చుట్టరికమువలన లాభము లేకున్నను నడచెను.

వృషపర్వునకు ఒకటే ఆసనము. దానిమీద రాజు కూర్చుండగా తండ్రికి చోటు లేకపోయినది. అశ్వపతి రెండు ఆసనములు వేసికొనెను. ఈ ప్రసంగమున నేను చెప్పదలచిన దంతయు ఇంతియే. నాయకునికి ఎదిగిన కూతురున్నచో, ఆయన యింట రెండు ఆసనములు ఉండవలెను.

ఇట్లు రెండు ఆసనములు వేసికొనుట ఇతర దేశములలో జరుగలేదా? జరిగినది. అమెరికా అధ్యక్షుడు రొనాల్డు రీగను కుమార్తె పాటీ డేవిసు తండ్రి అణ్వాయుధ విధానమునకు విరోధముగా 1982లో బహిరంగ సభలలో పాల్గొనెను. ఆ సంవత్సరము డిసెంబరులో హెలెన్ కాల్డికాట్ అను అణ్వాయుధ వ్యతిరేకియైన వైద్యురాలిని వెంటబెట్టుకొని తండ్రి యొద్దకే వచ్చెను. ఆయన ఆ వైద్యురాలితో చాలసేపు మాటలాడెను, అభిప్రాయము మార్చుకొనలేదు. తండ్రీకూతుండ్ర నడుమ దూరము ఏండ్ల తరబడి సాగినది. 1994లో తనకు మతిమరుపు వ్యాధి సోకినదని రీగను ప్రకటించిన పిమ్మట ఆ కూతురు తిరిగి దగ్గరయి, 2004లో ఆయన మరణించువరకు ఆ బంధమును నిలుపుకొనెను. విధానము గూర్చిన తగవు తీరలేదు. తీరవలసిన అవసరమును కలుగలేదు.

ఇచట మన ప్రాంతపు చట్టమును ఒకదానిని తలచుకొనవలెను. శ్రీ నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము హిందూ వారసత్వ చట్టమును సవరించి, పిత్రార్జితమున కొడుకుతో సమానముగ కూతురునకును పుట్టుకతోనే భాగమిచ్చినది. 1986 నాటి ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలయినది. ఆ తేదీకి పెండ్లికాని కుమార్తెలకు వర్తించినది. దేశమంతటికి అట్టి చట్టము 2005లో గాని రాలేదు. 2005 నాటికి తండ్రి బ్రతికియుండవలెనన్న నియమము లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చినది. కాని ఆ మహానాయకుని యింటనే 1995 ఆగస్టులో అధికారపు తగవు వచ్చినపుడు సంతానములో పలువురు ఆయనకు ఎదుటి వైపున నిలిచిరి. మరుసటి జనవరి 18న ఆయన కన్ను మూసిరి. భూమిని పంచుటకు శాసనము వ్రాయవచ్చును. నాయకత్వమును, నమ్మకమును పంచు శాసనమేదియు లేదు. అవి కలిసి కూర్చుండి తేల్చుకొనవలసినవి.

పెద్దలారా, ఇవన్నియు గొప్పయిండ్ల కథలని మీరు తలంపవచ్చును. మన పల్లెలలో సగము సర్పంచి పదవులు స్త్రీలకు కేటాయింపబడినవి. నాయకుని యింటి కూతురు ఇపుడు మన పక్కయింటనే కలదు. నేను కన్నది ఒకటి చెప్పెదను, ఊరిపేరు చెప్పను.

మొయినాబాదుకు దాపున ఒక గ్రామము. రెండుసార్లు సర్పంచిగా నుండిన ఒక పెద్దమనిషి, 2019 ఎన్నికలలో ఆ స్థానము స్త్రీలకు పోగా, డిగ్రీ చదివిన తన కుమార్తెను నిలబెట్టి గెలిపించెను. ముద్ర ఆమెది, పెత్తనము తనది అని ఆయన లెక్క. గండిపేట, హిమాయతుసాగరు జలాశయముల రక్షణకై 1996లో వచ్చిన 111వ నెంబరు ఉత్తరువు కట్టడములకు హద్దులు పెట్టినను, మా వైపు భూముల ధర ఏటేట పెరుగుచునే యుండెను. ప్లాట్ల వ్యాపారి ఒకడు చెరువు శిఖము భూమి గుండా బాట కావలెనని అడుగగా, ఆ పెద్దమనిషి మాట ఇచ్చి, బయానా పుచ్చుకొనెను. కూతురు తీర్మానము మీద సంతకము చేయలేదు. ఇంట అన్నము దగ్గర రచ్చ. ఆమె శంకరపల్లిలోని మేనమామ యింటికి పోయి, అక్కడనుండియే కార్యాలయమునకు వచ్చి పోవుచుండెను. మూడు నెలలు తండ్రీకూతుండ్రకు మాటలు లేవు.

ఆమె నా శిష్యురాలు. ఆయన నా యొద్దకు వచ్చి, "సారూ, చెమటోడ్చి గెలిపిచ్చిన. సంతకం పెట్టమంటె పెట్టదంట. మీరు చెప్తె వింటది" అనెను. ఆమెను పిలిపించి అడిగితిని. "సార్, ఇంట్ల నాయన మాట వింట. ఆఫీసుల ఊరి మాట వింట. చెరువు మా నాయనది కాదు గద" అన్నది. ఆమె చెప్పినదానిని నేను మార్పించదలచలేదు. ఆయనతో ఇట్లంటిని: "సర్పంచితో పని యున్నచో పంచాయతీ కార్యాలయమునకు పోయి అర్జీ పెట్టుము. బిడ్డతో పని యున్నచో ఇంటికి పిలువుము. ఒక వాకిట రెండు పనులు సాగవు." ఆమెతోను ఒక మాట అంటిని: "కాదనుటకు నీకు హక్కు కలదు. కాని అన్నము దగ్గర విన్న సంగతిని సభలో చెప్పి తండ్రిని గెలువవలదు. కారణము కాగితము మీద ఉండనిమ్ము."

ఒక సోమవారము ఆయన నిజముగనే కార్యాలయమునకు పోయి, పింఛను కొరకు వచ్చిన ముసలివారి ప్రక్క బల్లమీద కూర్చుండెను. తన వంతు రాగా అర్జీ ఇచ్చెను. శిఖము భూమిలో బాట కుదరదని గ్రామసభలో చదివి ఆమె త్రోసివేసెను. బయానా తిరిగి ఇచ్చుటకు ఆయన రెండు ఎడ్లను అమ్ముకొనెను. నష్టము నష్టమే, దానిని చిన్నదని నేననను. ఆ యేడు బతుకమ్మకు తల్లి పిలువగా ఆమె ఇంటికి వచ్చెను. మొదటినాడు ఆయన పొలమునకు పోయి చీకటి పడువరకు రాలేదు. సద్దులనాడు తెల్లవారకమునుపే పోయి, తంగేడు పూలు గంపెడు తెచ్చి, అరుగు మీద పెట్టి, ఏమియు పలుకక పెరటిలోనికి పోయెను. ఆమె ఆ పూలతోనే బతుకమ్మను పేర్చెను. చెరువును గూర్చి ఆ యింట మరల మాట రాలేదు. కార్యాలయమున మాత్రము ఆయన తరువాతను రెండు అర్జీలు పెట్టెను. ఒకటి ఆమె ఒప్పుకొనెను.

దీనినుండి నేను గ్రహించినది మీ యెదుట పెట్టెదను. పంచాయతులలో కూర్చుండి తగవులు తీర్చువారు మీరు గనుక మీకు చెప్పుచున్నాను.

తండ్రులతో చెప్పవలసినది: ఎదిగిన కూతురు కాదన్న ప్రతిదానిని తిరుగుబాటని పేరు పెట్టవద్దు. కొడుకు అడిగినచో వారసత్వమనియు, కూతురు అడిగినచో ఎదిరింపనియు అనుట ఏ నిఘంటువునందును లేని అర్థము. ఆమె మాటను ఆమె నోటనే వినుడు. మీ చుట్టునున్నవారు మోసికొని వచ్చు మాటకు వారి చేతుల మురికి అంటియుండును. పార్టీ పేరుతోగాని పంచాయతీ పేరుతోగాని ఆమెను దండింపవలసివచ్చిన దండింపుడు. ఆ రాత్రి ఇంటి తలుపు మాత్రము తీసి ఉంచుడు. సస్పెండు చేయుటకు కాగితము చాలును. కూతురిని సస్పెండు చేయు కాగితము లేదు.

కుమార్తెలతో చెప్పవలసినది: మీ అభిప్రాయము మీదే, దానిని దాచవలదు. అయితే తండ్రి పేరుతో తెచ్చుకొన్న పదవిని తండ్రికి ఎదురుగా వాడదలచినపుడు, దానిని విడిచి మీ కాళ్లమీద నడచుట మర్యాద. ఇంటి రహస్యము ఆయుధము కారాదు. ఆయుధముగా వాడిన రహస్యము తిరిగి ఇంటికి రాదు.

మొయినాబాదునుండి చేవెళ్లకు వచ్చు బాటకు ఇరువైపుల పెద్ద మర్రిచెట్లు కలవు. మర్రి నీడన వేరొక చెట్టు పెరుగుట కష్టమని మనమెరుగుదుము. కాని ఆ మర్రి కొమ్మనుండియే దిగిన ఊడను నేల తాకనిచ్చినచో, అది తనకు తాను మ్రానై, ముసలి కొమ్మను మోయును. దారికి అడ్డమని నరికినచో ఊడయు పోవును, కొమ్మయు నొకనాడు వాలును. నాయకులైన తండ్రులు ఈ మాటను చిత్తమున ఉంచుకొందురు గాక.